ప్రశ్నకు సంబంధం లేని జవాబు

పిల్లల మీద జరిగే హింసను ఎలా గుర్తుపట్టాలో, ఎవరికి చెప్పాలో నేర్పడానికి పట్నం నుంచి ఒక మేడం మా బడికి వచ్చిన రోజు నేను పప్పుచారు వండాను. అది ఇంకా గుర్తుండడానికి కారణం ఉంది. పాఠం రెండు గంటలు సాగింది. అది ముగిశాక మా పెద్ద సారు నోట వచ్చిన మొదటి ప్రశ్న, "మేడం గారికి విడిగా ఏమైనా చేశావా?" అన్నదే.

మా బడి శంషాబాద్ పక్కన, విమానాలు దిగే దారి కింద ఉంటుంది. విమానాశ్రయం తెరిచి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఈ నాలుగేళ్లలో మా సార్లు ఒక విద్య సాధించారు. విమానం నెత్తి మీదికి రాగానే నోరు మూసేవారు, అది పోగానే వదిలిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. పట్నం మేడానికి ఆ సంగతి తెలియదు. ఆమె విమానంతో పోటీ పడి అరిచింది. ప్రతిసారీ విమానమే గెలిచింది.

నేను ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేదాన్ని. నాతో పాటు ఇంకొకామె ఉండేది. వాళ్లది పాతబస్తీ, కిరాయికి మా ఊరికి వచ్చారు. నేను ఆమెను ఆపా అనేదాన్ని, వాళ్ల ఉర్దూలో అక్క అని అర్థం, ఆమె నన్ను అక్కా అనేది. అది ఎవరు పెద్ద అన్న తగువు తెగక ఇద్దరం చేసుకున్న ఒప్పందం. నాకు అక్షరాలు వచ్చి అప్పటికి మూడేళ్లు. నలభై ఆరేళ్ల వయసులో, ఊరి కమిటీ హాల్లో, సాయంత్రం బడిలో నేర్చుకున్నాను. చదువు వస్తే కళ్లు తెరుచుకుంటాయని అక్కడి సారు చెప్పాడు. నెల తిరగకుండానే కళ్లద్దాలు తెచ్చుకోమని కూడా చెప్పాడు.

వంటగదికీ పెద్ద గదికీ మధ్య ఒక కిటికీ ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టి మేడం చార్టు వేలాడదీసింది. చార్టులో మూడు బొమ్మలున్నాయి. మొదటి బొమ్మలో చెయ్యి ఎత్తిన పిల్ల, కింద "వద్దు అను". రెండో దానిలో పరుగెత్తే పిల్ల, కింద "పారిపో". మూడో దానిలో ఒక పెద్దావిడ ముందు నిలబడ్డ పిల్ల, కింద "నమ్మకమైన పెద్దలకు చెప్పు". పిల్లలు మూడింటినీ మూడుసార్లు ఎక్కాల్లాగా పాడారు. దెబ్బలు ఎలా తగిలాయంటే రోజుకో కథ చెప్పే స్నేహితురాలు, ఉన్నట్టుండి మాట్లాడడం మానేసిన పిల్లవాడు, బడి వదిలినా ఇంటికి కదలని పిల్ల, ఇవన్నీ గుర్తులని మేడం చెప్పింది. వాటిని కూడా పాడారు.

"ఏమైనా సందేహాలున్నాయా?" అని మేడం అడిగింది.

పదో తరగతి ఆడపిల్ల ఒకతె లేచింది. "మేడం, సార్లు కొడితే ఎవ్వరికి చెప్పాలె?"

గదంతా నవ్వింది, సార్లు కూడా నవ్వారు. మరునాడు లెక్కల గంటంతా ఆ పిల్ల గుమ్మం బయట నిలబడి తన సందేహం తీర్చుకుంది.

పోయేముందు మేడం మనుషులు గోడ మీద పిల్లల సహాయ నంబరు రాయించారు. ఖాళీగా ఉన్న గోడ ఒక్కటే దొరికింది, వంటగది పక్కది, పొగ పట్టింది. అందువల్ల ఆ నంబరు రోజూ కనబడేది మాకిద్దరికే.

పాఠం నేర్పామంటే పరీక్ష పెట్టాలి, పెట్టకపోతే అది పాఠమే కాదు. "పిల్లల మీద హింస జరిగితే ఏం చేయాలి?" అని తెలుగు టీచరు వ్యాసరచన పోటీ పెట్టింది. మొదటి బహుమతి స్టీలు డబ్బా. మార్కులు వేశారు, డబ్బా ఇచ్చారు, ఫోటో దిగారు. తరువాత ఆ కాగితాలన్నీ ఎప్పటిలాగే మా దగ్గరికి వచ్చాయి.

ఎప్పటిలాగే అంటే, దిద్దేసిన పరీక్ష పేపర్లతో పొయ్యి రాజేయడం మా బడి ఆచారం. కట్టెలు పచ్చివి వచ్చేవి. కాగితం లేకపోతే అంటుకునేవి కావు. పిల్లలు ఏడాదంతా రాసింది మధ్యాహ్నానికి అన్నమయ్యేది. వాళ్ల చదువు వాళ్ల కడుపులోకి పోతున్న బడి మాదొక్కటేనని నేను అనుకునేదాన్ని.

ఆపా పొయ్యిలో పెట్టేది, నేను చదివి అందించేదాన్ని. కొత్తగా అక్షరం వచ్చినదానికి ఉప్పు ప్యాకెట్టు కూడా పురాణమే. ఇక పిల్లల రాతలంటే చెప్పేదేముంది!

"అరే అక్కా, జల్ది ఇయ్యరాదు? నువ్వు చదివేదాంక పొయ్యి ఆగుతదా?"

"ఆగు ఆపా, ఒక్కటి."

"ఒక్కటి ఒక్కటి అనుకుంట వకీలు అయితవేమో!"

ఆ ఒక్క కాగితం తొమ్మిదో తరగతి పిల్లది. ఆ పిల్లకు తల్లి లేదు. తండ్రి లారీ మీద నెలకు ఇరవై రోజులు ఎక్కడో తిరుగుతుంటాడు. నాయనమ్మతో పాటు బాబాయి ఇంట్లో ఉంటుంది. ఆ బాబాయి మా బడి కమిటీలో మనిషి. విమానాశ్రయం రోడ్డు పక్క భూమి అమ్మిన తరువాత బడికి నాలుగు ఫ్యాన్లు ఇచ్చాడు. ప్రతి రెక్క మీదా తన పేరు రాయించాడు. అయితే ఫ్యాను తిరిగితే పేరు కనబడదు. అందుకని ఆయన బడికి వచ్చినప్పుడల్లా ఫ్యాన్లు ఆపేవారు. మండే ఎండల్లో కూడా మేము ఆయన పేరు చదువుకుంటూ చెమటలు కార్చేవాళ్లం.

కాగితంలో ఇలా ఉంది.

"పిల్లల మీద హింస జరిగితే వద్దు అనాలి. నేను అన్నాను. బాబాయి ఇంకా ఎక్కువ కొట్టాడు. పారిపోవాలి. మా తలుపుకు బయట గొళ్లెం పెడతారు. నమ్మకమైన పెద్దలకు చెప్పాలి. నాయనమ్మకు చెప్పాను. బాబాయి మనకు అన్నం పెడుతున్నాడు ఊకో అన్నది. వంట పెద్దమ్మకు చెయ్యి చూపించాను. బెల్టు దెబ్బ అని చెప్పాను. పసుపు పెట్టింది. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది అన్నది. చార్టులో మూడే బొమ్మలున్నాయి. తర్వాత ఏం చేయాలో లేదు."

కింద ఎర్ర సిరాతో, "ప్రశ్నకు సంబంధం లేదు. సొంత విషయాలు రాయరాదు. పదికి మూడు."

నా గురించి ఒకరు రాయడం, దాన్ని నేను చదవడం పుట్టి బుద్ధెరిగిన తరువాత అదే మొదటిసారి. "వంట పెద్దమ్మ" అన్న రెండు మాటల దగ్గర, నిజం చెప్పాలి, నాకు సంతోషమే వేసింది. ఏం రాసిందో, పప్పు బాగుంటుందని రాసిందేమో అనుకున్నాను. నేను కూడబలుక్కుని చదువుతాను కనుక ఆ సంతోషం కాసేపు నిలిచింది.

బడి తెరిచిన కొత్తలో ఆ పిల్ల వచ్చి చెయ్యి చూపించిన మాట నిజమే. నేను పసుపు పెట్టి, ఆ మాట చెప్పి, రెండు గంటెల అన్నం ఎక్కువ వడ్డించి, ఆ రోజంతా పుణ్యం చేసుకున్న దానిలాగా తిరిగాను.

కాగితం పట్టుకొని పెద్ద సారు దగ్గరికి పోయాను. ఆయన దాన్ని ఒక్క చూపులో చదివేశాడు. నాకు రెండు పొయ్యిల సమయం పట్టింది. చదువుకున్నవాళ్ల వేగమే వేరు.

"నువ్వు పిల్లల పేపర్లు చదువుతున్నావా? తప్పు కదమ్మా, అవి రహస్యంగా ఉంచాల్సినవి."

"పొయ్యిల పెట్టమని మీరే ఇచ్చిండ్రు గద సారు."

"పొయ్యిలో పెట్టమన్నాం. చదవమన్నామా?"

సారే మళ్లీ అన్నాడు. "సరే, నేను విచారిస్తాను. ఇంటి విషయం కదా, పద్ధతిగా కనుక్కోవాలి."

పద్ధతి ఏమిటంటే, బాబాయికే ఫోను చేయడం. మా వైపు ఏ గొడవ వచ్చినా నలుగురు పెద్దమనుషులు కూర్చొని, టీ తాగి, "అయిందేదో అయింది" అని లేస్తారు. సారు ఏలూరు వైపు నుంచి వచ్చినా మా ఆచారం బాగానే పట్టుకున్నాడు. గంటలో బాబాయి తెల్ల చొక్కాతో దిగాడు. ఆఫీసు గదిలో ఫ్యాను ఆపారు. నన్ను టీ తెమ్మన్నారు. నేను టీ తీసుకొని పోయేసరికి ఆ పిల్లను ఆయన ఎదురుగానే నిలబెట్టారు.

"చెప్పమ్మా, భయపడకు. మీ బాబాయి నిన్ను కొడతాడా?" అని సారు అడిగాడు.

పిల్ల ఆగిన ఫ్యాను వంక చూసింది. "కొట్టడు సార్."

"మరి ఇదెందుకు రాశావు?"

"ఊకెనే సార్. పోటీ కోసం."

బాబాయి నవ్వాడు. "టీవీ చూసి రాస్తరు సార్ గీ కాలం పోరగాళ్లు. మా వదిన పోయినంక బిడ్డ లెక్క సాకుతున్న." పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఆ పిల్ల భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. మేడం చెప్పిన గుర్తుల్లో అది ఉందో లేదో నాకు తెలియదు, సారుకూ తెలిసినట్టు లేదు. ఆయన బిస్కెట్ల ప్లేటు ముందుకు జరుపుతున్నాడు.

లేచేటప్పుడు బాబాయి అన్నాడు. "సాయంత్రం నేనే వచ్చి తీస్కపోత సార్. జర మాట్లాడేది ఉన్నది బిడ్డతోటి."

విచారణ పూర్తయింది. కాగితం అడిగితే సారు దాన్ని సొరుగులో వేసుకొని, "ఇది ఇప్పుడు ఆఫీసు కాగితం" అన్నాడు. పొద్దున దానితో పొయ్యి రాజేయమన్నది ఈయనే.

నేను వంటగదిలోకి వచ్చి ఆపాకు చెప్పాను. ఆమె గంజు తోమడం ఆపింది.

"ఇయ్యాల ఆ పోరి ఇంటికి పోతే ఏమైతది అక్కా?"

"ఏమైతదో నీకు ఎర్కనే గద."

"మల్ల ఏం జేస్తవ్? పసుపు పెడతవా?"

ఆపా అంత మాట అంటుందని అనుకోలేదు. కాగితంలో ఉన్నది ఆమెకు నేనే చదివి చెప్పాను. నా నోటితో నేనే.

గోడ దగ్గరికి పోయి పొగ తుడిచి, ఆపా ఫోను మీద ఆ నంబరు ఒక్కొక్క అంకె చూసి నొక్కాను. ఒక ఆడపిల్ల గొంతు పలికింది. విషయం అంతా చెప్పాను.

"మీరు పాపకు ఏమవుతారమ్మా?"

"ఏం కాను. అన్నం వండి పెడత."

"బంధువులా?"

"కాదమ్మా. ఊర్ల ఆడోళ్లం. నువ్వు నన్ను అడుగుడు ఆపి జర బయలెల్లు, నాలుగుంబావుకు గంట కొడతరు."

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. దగ్గరలో ఉన్న తమవాళ్లను పంపుతానంది. రెండు గంటలు పట్టవచ్చంది. అప్పటిదాకా పాపను ఆయన చేతికి ఇవ్వవద్దంది. అప్పుడు టైము మూడయింది.

నాలుగుంబావుకు గంట కొట్టగానే ఆ పిల్లను కిటికీలోంచి పిలిచాను. రేపటి బియ్యంలో రాళ్లు ఎక్కువున్నాయి, కాస్త ఏరిపెట్టు అన్నాను. పిల్ల బుద్ధిగా చేట ముందు కూర్చుంది. బయట మోటరు సైకిలు హారను మోగింది. ఇంకోసారి మోగింది. తరువాత ఆయనే గుమ్మం దాకా వచ్చాడు.

ఆపా ఆ క్షణానికే గంజు కడిగిన నీళ్లు గుమ్మంలో పారబోసింది. "అయ్యో అన్నా, చూడలె. బూట్లు ఖరాబైతయి, జర అక్కడనే ఆగు."

"నా బిడ్డను పంపియ్యి."

"బియ్యం ఏరుతున్నదన్నా. అయిపోంగనే వస్తది," అన్నాను నేను.

"ఏందీ? బడికి పంపితే మా పిల్లతోటి పని జేపిస్తరా? చిన్నపిల్లలతోటి పని జేపిచ్చుడు నేరం, ఎర్కేనా? కేసు పెడత మీ మీద!"

బాలల హక్కుల మీద ఆయనకున్న జ్ఞానం చూసి నాకు ముచ్చటేసింది. పట్నం మేడం పాఠం ఒక్కరికైనా ఎక్కింది.

"పెట్టన్నా. నంబరు గోడ మీదనే ఉన్నది. ఇప్పుడే తుడిచిన," అన్నాను.

కేకలు విని పెద్ద సారు వచ్చాడు. "ఏంటమ్మా ఈ గోల? పాపను పంపించెయ్."

"సారు, నేను ఫోను జేసిన. వాళ్లు వస్తుండ్రు."

"ఎవరు?"

"పిల్లల నంబరోళ్లు."

సారు గడియారం చూసుకున్నాడు. గోడ చూశాడు. బాబాయి వైపు చూడకుండా, "అయితే కొంచెం ఆగుదాం లెండి, నిబంధనలు కదా" అన్నాడు. పొద్దుటినుంచి లేని నిబంధనలు అప్పుడే బడిలో అడుగుపెట్టాయి.

వాళ్లు ఆటోలో దిగారు, ఒక అమ్మాయి, ఒక మగమనిషి. అమ్మాయి నా చిన్న కోడలి కంటే చిన్నదిలాగుంది. ఆ మగమనిషి బాబాయిని, సారును ఆఫీసు గదికి తీసుకుపోయాడు. అమ్మాయి చెప్పులు విడిచి, తడి గుమ్మం దాటి, చేట పక్కన కింద కూర్చుంది. తను కూడా రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

చివరకు పిల్లే అంది. "మా బాబాయి మంచోడు."

"అలాగా. పోటీలో ఏదో రాశావట?"

"యాదికి లేదు."

కాగితం తెమ్మని అమ్మాయి ఆపాను పంపింది. సారు సొరుగంతా వెతికి దొరకలేదన్నాడట. అది ఆఫీసు కాగితమయ్యి మూడు గంటలు కూడా కాలేదు.

ఆలస్యంగా చదువు నేర్చినవాళ్లకు ఒక అవస్థ ఉంది. ఒక్కో మాటను మూడుసార్లు కూడబలుక్కుంటే గాని అర్థం కాదు, అర్థమయ్యేసరికి అది నోటికి వచ్చేసి ఉంటుంది. "నాకు వచ్చు," అన్నాను. గోడకు ఆనుకొని నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. వద్దు అనడం, బాబాయి కొట్టడం, గొళ్లెం, నాయనమ్మ, అంతా అప్పజెప్పాను. "వంట పెద్దమ్మకు చెయ్యి చూపించాను. పసుపు పెట్టింది. చార్టులో మూడే బొమ్మలున్నాయి..."

పిల్ల తల ఎత్తలేదు. "నడుమల ఇడిసిపెట్టినవ్ పెద్దమ్మా."

"ఏంది బిడ్డా?"

"బెల్టు దెబ్బ అని నీకు చెప్పిన. అది ఇడిసినవ్. ఎవ్వరికీ చెప్పకు అన్నవ్. అదీ ఇడిసినవ్."

వంటగదిలో ఆపా ఉంది, పరాయి అమ్మాయి ఉంది. అమ్మాయి నన్ను చూడకుండా బియ్యాన్నే చూస్తోంది.

"అవును. అన్న," అన్నాను. "పరువు పోతది అన్న. తప్పు జేసిన."

పిల్ల అప్పుడు నా ముఖంలోకి చూసింది. పెద్దవాళ్లు తప్పు చేశామని ఒప్పుకోవడం ఆ పిల్ల అంతకుముందు ఎప్పుడూ చూడలేదనుకుంటాను. చేట పక్కకు జరిపి, అమ్మాయి వైపు తిరిగి, "అది ఒక్కసారి కాదక్కా," అని మొదలుపెట్టింది. కాగితంలో లేనివి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మాయి మమ్మల్ని బయటికి పొమ్మని సైగ చేసింది. ఆపా, నేను తడి గుమ్మంలో నిలబడ్డాం. రెండు విమానాలు పోయాయి. లోపలి మాట మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రం పిల్ల బాబాయి ఇంటికి పోలేదు. తరువాత జరిగినవి పద్ధతిగా, అంటే మెల్లగా జరిగాయి. ఊరి పెద్దమనుషులు నలుగురు నా ఇంటికి వచ్చి, ఇంటి గుట్టు బజారుకు ఈడ్చినవని చీవాట్లు పెట్టి, టీ తాగి పోయారు. తండ్రి లారీ దిగి వచ్చి పోలీసు స్టేషను ముందు కూర్చొని ఏడ్చాడు. పిల్లను పక్కనే పాల్మాకులలో ఉన్న చిన్నమ్మకు, అంటే తల్లి చెల్లెలికి, అప్పగించారు. బాబాయి మీద కేసు నడుస్తూనే ఉంది. బడి కమిటీలో ఆయన పేరు కొట్టేశారు, ఫ్యాన్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు ఎవరు వచ్చినా వాటిని ఆపరు. మా బడిలో అవగాహన కార్యక్రమం ఘనంగా విజయవంతమైందని సారు పైకి రాసి పంపాడు. ఆ రాసినదాన్ని కూడా నేను చదివాను. అందులో నేను లేను, ఆ పిల్లా లేదు, మేడానికి పెట్టిన భోజనం ఉంది.

ఆ ఆటోలో వచ్చిన అమ్మాయి రెండు నెలల తరువాత మళ్లీ వచ్చింది. ఈసారి పోటీ లేదు, ఫోటో లేదు, చార్టు కూడా తేలేదు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి అడిగింది. "మీరు చెప్పిన పెద్దమనిషి వినకపోతే?" ఎవరూ పాడలేదు. పాడడానికి ఎవరికీ జవాబు రాదు. "ఇంకొకరికి చెప్పాలి. వాళ్లూ వినకపోతే ఇంకొకరికి. వినేదాకా. వినకపోవడం వాళ్ల తప్పు, మీది కాదు," అంది. లెక్కల గంటంతా బయట నిలబడ్డ పిల్ల మళ్లీ లేచి, సార్ల సంగతి మళ్లీ అడిగింది. ఈసారి అమ్మాయి నవ్వలేదు, రాసుకుంది. సార్లకు కూడా నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం తరువాత మా పిల్ల మూడు వారాలు బడికి రాలేదు. తరువాత ఒక రోజు పాల్మాకుల నుంచి బస్సెక్కి వచ్చింది. మధ్యాహ్నం ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడింది. అది గుడ్డు పెట్టే రోజు. నేను అన్నం వడ్డించి, పక్కన ఎవరూ చూడకుండా రెండు గుడ్లు వేశాను.

పిల్ల ప్లేటు చూసింది. నన్ను చూసింది.

"అందరికి ఒక్కటే గద పెద్దమ్మా."

"తినరాదే. చిక్కిపోయినవ్."

"నాకేమన్న అయితే రెండు గుడ్లు ఇస్తవా? ఒద్దు. ఒక్కటే ఇయ్యి."

వెనక ఉన్న పిల్లలు మెడలు సాచి చూస్తున్నారు. నేను ఒక గుడ్డు తీసి గిన్నెలో వేశాను. ఆ పిల్ల ప్లేటు సరిచేసుకొని, స్నేహితురాళ్ల మధ్య పోయి కూర్చుంది. వాళ్లలో ఒకతె ఏదో అంది. మా పిల్ల నోటి నిండా అన్నంతో పకపకా నవ్వింది.

"అక్కా, లైను ఆగింది," అంది ఆపా. "గంటె తిప్పు."